వోల్వో 1800ఎస్, 1800ఈ: మన వైపు ఏది నిలుస్తుంది?

పాత కార్ల మీద పాఠకుల ప్రశ్నలకు జవాబులిచ్చే ఈ శీర్షికకు ఈసారి శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే కారు గురించి. అది స్వీడన్ వారి వోల్వో 1800 కూపే. అందుకని వేరే ప్రశ్నలు వచ్చే సంచికకు ఉంచి, దీని సంగతే పూర్తిగా చూద్దాం.

ప్రశ్న: మా అబ్బాయి ఇంగ్లండ్‌లో బర్మింగ్‌హామ్‌లో ఉంటున్నాడు. అక్కడ రెండు పాత వోల్వోలు అమ్మకానికి చూశాడు. ఒకటి 1967 నాటి 1800ఎస్, రెండోది 1971 నాటి 1800ఈ. పైకి రెండూ ఒకేలా ఉన్నాయి, ధరలో కూడా పెద్ద తేడా లేదు. కొన్నాళ్లు అక్కడ నడిపి, తర్వాత ఇంటికి తెచ్చుకోవాలని మా ఆశ. ఏది తీసుకోమంటారు?
– ఒక పాఠకుడు, కంటోన్మెంట్, విజయనగరం

మీ ఇంటికి రావాల్సిన కారైతే 1800ఎస్ తీసుకోండి. అయితే ఒక షరతు. 1800ఎస్ బాడీ తుప్పు పట్టి, 1800ఈ బాడీ గట్టిగా ఉంటే మా జవాబు తిరగబడుతుంది. ఈ కారులో ఇంజిన్, గేర్‌బాక్స్, బ్రేకుల సామాను ఇప్పటికీ దొరుకుతుంది. అదే ఇంజిన్ వోల్వో అమెజాన్‌లో వచ్చింది, 140 వరస కార్లలో వచ్చింది, వోల్వో పెంటా పేరుతో పడవల్లోకీ వెళ్లింది. తేలిగ్గా దొరకనివి బాడీ రేకులు, మెరుగు పట్టీలు, గ్రిల్, లైట్ల అద్దాలు.

మీ అబ్బాయి ఉండే ఊరికీ ఈ కారుకీ చుట్టరికం ఉంది. పెల్లె పెటర్సన్ అనే కుర్రవాడు ఇటలీలో ఫ్రువా స్టూడియోలో దీని రూపం గీశాడు. 1960లో బ్రస్సెల్స్ షోలో చూపించారు. స్వీడన్‌లో ఫ్యాక్టరీ ఖాళీ లేక 1961లో బిగింపు పని బర్మింగ్‌హామ్ పక్కనే ఉన్న వెస్ట్ బ్రామ్‌విచ్‌లో జెన్సెన్ కంపెనీకి ఇచ్చారు. బాడీలు స్కాట్లండ్‌లోని లిన్‌వుడ్ నుంచి వచ్చేవి. పనితనం నచ్చక వోల్వో ఆ ఒప్పందాన్ని 6,000 కార్లతో ఆపేసి 1963లో బిగింపును గోథెన్‌బర్గ్‌కు మార్చింది. అప్పటి నుంచి పేరు 1800ఎస్. బాడీలు మాత్రం 1969 దాకా లిన్‌వుడ్‌వే. కాబట్టి ‘స్వీడన్‌లో తయారైంది కదా, ఎస్‌కు తుప్పు పట్టదు’ అని ఎవరైనా చెబితే నమ్మొద్దు. బిగింపు మెరుగైంది గానీ రేకు అదే రేకు.

ఇప్పుడు అసలు తేడాలు. 1967 ఎస్‌లో ఉన్నది బీ18బీ ఇంజిన్: 1,778 సీసీ, రెండు ఎస్‌యూ హెచ్‌ఎస్6 కార్బ్యురేటర్లు, 115 హార్స్‌పవర్. వెనక చక్రాలకు డ్రమ్ బ్రేకులు. 1971 ఈలో ఉన్నది బీ20ఈ: 1,986 సీసీ, బాష్ వారి డీ-జెట్రానిక్ ఎలక్ట్రానిక్ ఇంజెక్షన్, కంప్రెషన్ 10.5, 130 హార్స్‌పవర్. నాలుగు చక్రాలకూ డిస్క్ బ్రేకులు. ఈ హార్స్‌పవర్ లెక్కలు ఆనాటి ఎస్‌ఏఈ (అమెరికా ఇంజినీర్ల సంఘం) పద్ధతివి, నేటి కార్లతో పోల్చకండి. స్ట్రోకు, అంటే పిస్టన్ కదిలే దూరం, రెండింటిలోనూ 80 మిల్లీమీటర్లే. బోరు, అంటే సిలిండర్ వెడల్పు, మాత్రం 84.14 నుంచి 88.9కి పెరిగింది.

నడిపి చూస్తే 1800ఈ మంచి కారు. బ్రేకు గట్టిది, ఎక్కువ స్పీడు దగ్గర లాగుడు బాగుంటుంది. ఇంగ్లండ్‌లోనే ఉంచి నడుపుకుంటానంటే మీ అబ్బాయికి మేము చెప్పేది కూడా అదే. మన దగ్గరికి వచ్చాక లెక్క మారుతుంది. పాత అంబాసిడర్ల ఎస్‌యూ కార్బ్యురేటర్ మీద చేయి తిరిగిన పెద్ద మేస్త్రీలు మీ ఊళ్లో ఇంకా ఉన్నారు. వాళ్లకు 1800ఎస్ అప్పగిస్తే ఒక పూటలో అర్థం చేసుకుంటారు. డీ-జెట్రానిక్ అలా కాదు. అందులో ఇప్పటి కార్లలాగా స్కానర్ తగిలించే సాకెట్ ఉండదు. మీటరు, ప్రెజర్ గేజ్, వాక్యూమ్ పంపు పట్టుకుని ఒక్కొక్క సెన్సారూ విడిగా చూడాలి. అలా చూసే ఓపిక ఉన్న మనిషి మీకు దగ్గరలో ఉంటేనే 1800ఈ తీసుకోండి.

స్టీరింగ్ కుడివైపు ఉన్నదే చూడండి. ఇంగ్లండ్‌లో అమ్మినవి అలాగే ఉంటాయి. ఎడమ స్టీరింగుతో, అందులోనూ ఇంత కిందకి కూర్చునే కారులో, లారీ వెనక నుంచి ఓవర్‌టేక్ చేయడం ప్రాణాల మీదికి తెచ్చుకోవడమే.

ప్రశ్న: కారు అక్కడ ఉంటుంది, మేము ఇక్కడ ఉంటాం. వీడియో కాల్‌లో చూపిస్తామంటున్నారు. తుప్పు ఎక్కడెక్కడ చూడమని అడగాలి?
– ఒక పాఠకురాలు, ఆమదాలవలస

మంచి ప్రశ్న అడిగారమ్మా. డబ్బంతా పోయేది ఇక్కడే. ఈ కారుకు విడిగా ఛాసిస్ లేదు, బాడీయే ఛాసిస్. పైగా ముందు మడ్‌గార్డులు బోల్టులతో బిగించినవి కావు, బాడీకి వెల్డింగ్ చేసినవి. ఒక మడ్‌గార్డు మార్చాలంటే కోసి తీసి, మళ్లీ అతికి, అతుకు కనిపించకుండా నింపి పాలిష్ పట్టాలి. చలికాలంలో ఆ దేశపు రోడ్ల మీద ఉప్పు చల్లుతారు కాబట్టి కింద భాగాన్ని అసలు నమ్మకూడదు.

ముందు తలుపుల కింద ఉండే సిల్ చూడమనండి. కారు బరువు మోసేది అదే. అది బయటి రేకు, లోపలి రేకు కలిపి చేసిన పెట్టె. లోపల కుళ్లిపోయినా బయట కొత్త రేకు అతికించి రంగు కొట్టి అమ్ముతారు. దొంగతనం పట్టుకునే దారి ఒకటుంది. తలుపు మూసి, తలుపుకీ వెనక మడ్‌గార్డుకీ మధ్య సందు చూడమనండి. తర్వాత ఆ వైపు జాకీ ఎత్తి మళ్లీ చూడమనండి. సందు మారిపోయినా, తలుపు తీయడానికి పట్టేసినా సిల్‌లో బలం లేదన్నమాట. అంతటితో ఆ కారు మాట ఆపేయండి, లేదా సగం ధర అడగండి.

రెండోది ముందు చక్రాల వెనక భాగం. చక్రం విసిరిన బురద మడ్‌గార్డు లోపల పేరుకుని తడి ఆరదు. హెడ్‌లైట్ గిన్నెల చుట్టూ కూడా అంతే. మూడోది వైపర్ల ముందుండే గాలి జాలీ. దాని కింద నీళ్లు పోయే దారి ఆకులతో మూసుకుపోతే నీరు కారు లోపలికి దిగి, కాళ్ల దగ్గర కార్పెట్ కింద నేల రేకును తినేస్తుంది. కార్పెట్ ఎత్తి చూపించమని అడగడానికి మొహమాటపడకండి. ఆ తర్వాత డిక్కీ అడుగు, వెనక చక్రాల పైన వంపు, తలుపుల కింది అంచు, జాకీ పెట్టే చోట్లు.

అయస్కాంతానికి పల్చటి గుడ్డ చుట్టి పైన చెప్పిన ప్రతిచోటా ఆనించమనండి. పట్టుకోని చోట పుట్టీ ఉంది. స్క్రూడ్రైవర్ పిడితో కింద నుంచి కొట్టిస్తే మంచి రేకు ఖంగుమంటుంది, కుళ్లినది మొద్దుగా పలుకుతుంది. కొత్తగా నల్లటి అండర్‌కోట్ దట్టంగా పూసి ఉంటే అది శుభసూచకం అనుకోకండి. దాని కింద ఏముందో అమ్మేవాడు చెప్పాలి.

ఇంజిన్ గదిలో ఉన్న రేకు ప్లేటు మీద టైపు నంబరు, ఛాసిస్ నంబరు, రంగు కోడ్, సీట్ల కోడ్ ఉంటాయి. దాన్ని ఫొటో తీయించి కాగితాలతో పోల్చండి. రంగు కోడ్ ఒకటి, కారు రంగు మరొకటి అయితే కలెక్టర్ విలువ తగ్గుతుంది. వాడుకకైతే ఫర్వాలేదు.

మన వైపు రేకు పని గురించి ఒక మాట. సాలూరు లారీ బాడీ షెడ్లలో పనితనం గొప్పదే, కానీ అక్కడి చేతులకు అలవాటైనది మందపు రేకు. ఈ సిల్ పల్చటి రేకు. గ్యాస్ మంట పెడితే అలలు తేలి వంకరపోతుంది. మిగ్ వెల్డింగ్ (గ్యాస్ మంట కాక, తీగతో చేసే కరెంటు వెల్డింగ్) ఉన్న చోట, ఒక్కో చుక్కా దూరదూరంగా పెట్టి, చల్లారనిస్తూ అతికించే మనిషికే ఇవ్వండి. వెల్డింగ్‌కు ముందు తలుపు సందుల మధ్య అడ్డకమ్మీలు బిగించకపోతే బాడీ కుంగిపోయి ఆ తర్వాత తలుపు మళ్లీ పడదు.

ప్రశ్న: నేను మెకానిక్‌ని. మా షెడ్డుకి 1972 నాటి 1800ఈ ఒకటి వచ్చింది. చల్లగా ఉన్నప్పుడు బాగానే స్టార్ట్ అవుతోంది. వేడెక్కాక నల్లపొగ, ఐడిల్ ఊగిసలాట, పెట్రోలు వాసన. ప్లగ్గులు మసి పట్టేస్తున్నాయి. కంప్యూటర్ పోయిందంటున్నారు. నిజమేనా?
– ఒక పాఠకుడు, శ్రీకాకుళం

కంప్యూటర్‌ను, అంటే ఎంత పెట్రోలు చిమ్మాలో లెక్కకట్టే పెట్టెను, ఆఖర్న అనుమానించండి. ఈ డీ-జెట్రానిక్ సిస్టమ్‌లో పోయేవి ఎక్కువగా వైర్లు, సెన్సార్లు, రబ్బరు పైపులు. అన్నిటికంటే ముందు ఇంజిన్ గదిలోని ఇంజెక్షన్ వైరింగ్ చూడండి. ఆ కాలపు వైరు తొడుగు వేడికి బిరుసెక్కి, వేలితో వంచితే పెళుసుగా రాలిపోతుంది. రాగి బయటపడితే ఎక్కడో ఒకచోట షార్ట్ అవుతుంది. తొడుగు రాలుతున్న వైరింగ్‌కు టేపు చుట్టి లాభం లేదు, మొత్తం కొత్తది వేయాలి.

వైరింగ్ బాగుంటే ఈ వరసలో వెళ్లండి. ఫ్యూయల్ రైలుకు (ఇంజెక్టర్లకు పెట్రోలు పంచే గొట్టానికి) గేజ్ తగిలిస్తే ప్రెజర్ 2.1 బార్ దగ్గర ఉండాలి. ఎక్కువుంటే రెగ్యులేటర్ సర్దండి. తర్వాత కూలెంట్ టెంపరేచర్ సెన్సార్. 20 డిగ్రీల దగ్గర రెసిస్టెన్స్ సుమారు 2,500 ఓంలు, నీళ్లు వేడెక్కే కొద్దీ కొన్ని వందలకు పడిపోవాలి. మీరు చెప్పిన లక్షణాలకు మా మొదటి అనుమానం దీని మీదే. సెన్సార్ గానీ, దాని వైరు గానీ తెగితే కంప్యూటర్‌కు ఇంజిన్ గడ్డకట్టినంత చల్లగా ఉన్నట్టు కనిపిస్తుంది, పెట్రోలు గుమ్మరిస్తూనే ఉంటుంది. రెసిస్టెన్స్‌ను సెన్సార్ దగ్గరే కాక, కంప్యూటర్ ప్లగ్గు చివర కూడా కొలవండి. మధ్య వైరు సంగతి అప్పుడే తేలుతుంది.

మూడోది కోల్డ్ స్టార్ట్ వాల్వ్, చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసేటప్పుడు అదనంగా పెట్రోలు చిమ్మేది. దాని పైపును మెత్తటి క్లాంపుతో నొక్కిపట్టండి. పొగ తగ్గితే అది కారుతోంది. నాలుగోది మానిఫోల్డ్ ప్రెజర్ సెన్సార్, ఇంజిన్‌లోకి వెళ్లే గాలి ఒత్తిడిని కొలిచేది. దాని గొట్టానికి చేతి వాక్యూమ్ పంపు పెట్టి లాగితే ముల్లు నిలవాలి. దిగిపోతే లోపల పల్చటి రేకు పొర చిట్లింది. 7, 15 పిన్నుల మధ్య సుమారు 90 ఓంలు, 8, 10 మధ్య సుమారు 350 ఓంలు చూపించాలి. దీన్ని విప్పి లోపల స్క్రూ తిప్పే పని మాత్రం పెట్టుకోకండి, ఫ్యాక్టరీ సెట్టింగ్ ఒకసారి పోతే తిరిగి తేవడం కష్టం.

సిలిండర్లు రెండు రెండుగా తప్పుతుంటే డిస్ట్రిబ్యూటర్ అడుగున ఉండే ట్రిగ్గర్ పాయింట్లు మురికి పట్టాయేమో చూడండి. ఇంజెక్టర్లు జతలుగా పేలేది వాటి సిగ్నల్‌తోనే. ఇంజెక్టర్ కాయిల్ ఒక్కొక్కటి 2.4 ఓంల చుట్టూ ఉంటుంది. టెస్ట్ చేయడానికి 12 వోల్టుల బ్యాటరీ నేరుగా పెడితే కాలిపోతుంది.

కంప్యూటర్ పెట్టె మీద ఐడిల్ మిక్చర్ సర్దే నాబ్ ఒకటుంటుంది. చాలామంది ముందు దాన్నే తిప్పుతారు. పైన చెప్పినవన్నీ సరిగ్గా ఉన్నాయని తేలాకే దాని మీద చేయి వేయండి. అలాగే ఇంజెక్టర్లకు వెళ్లే పొట్టి రబ్బరు గొట్టాలు పాతవైతే, మరేదీ చూడకముందే మార్చేయండి. వేడి ఎగ్జాస్ట్ పక్కన 2 బార్ ప్రెజర్‌తో పెట్రోలు చిమ్మితే కారు మిగలదు.

ప్రశ్న: 1800ఎస్‌లో రెండు కార్బ్యురేటర్లను సమానం చేయడం ఎలా?
– ఒక పాఠకుడు, బొబ్బిలి

ముందు వాల్వ్ క్లియరెన్స్, పాయింట్లు, టైమింగ్ సరిచేయండి. బీ18బీకి వాల్వ్ క్లియరెన్స్ 0.50 నుంచి 0.55 మిల్లీమీటర్లు. ఫైరింగ్ ఆర్డర్ 1-3-4-2. అవి తప్పుగా ఉండగా కార్బ్యురేటర్ ఎంత తిప్పినా కుదరదు.

రెండు కార్బ్యురేటర్లనూ కలిపే రాడ్ల క్లాంపులు వదులు చేయండి. ఇంజిన్ వేడి మీద, గాలి లాగే శబ్దాన్ని చెవికి గొట్టం పెట్టుకుని గానీ, ఫ్లో మీటర్‌తో గానీ వింటూ రెండు ఐడిల్ స్క్రూలూ సమానం చేయండి. తర్వాత మిక్చర్. ఒక కార్బ్యురేటర్ పిస్టన్‌ను దాని పిన్నుతో ఒక మిల్లీమీటరు మాత్రం ఎత్తండి. స్పీడు కాస్త పెరిగి మళ్లీ మామూలుకొస్తే సరిగ్గా ఉంది. పెరిగి అలాగే ఉండిపోతే పెట్రోలు ఎక్కువ, కార్బ్యురేటర్ అడుగున ఉండే జెట్ నట్టు పైకి తిప్పండి. ఇంజిన్ పడిపోతే పెట్రోలు తక్కువ, నట్టు కిందకి. ఒకసారికి నట్టు ఆరు పలకల్లో ఒక పలక చొప్పునే తిప్పాలి. రెండో దానికీ అలాగే చేసి, మళ్లీ మొదటిది సరిచూసి, అప్పుడు రాడ్లు బిగించండి.

ఎంత చేసినా ఐడిల్ నిలవకపోతే థ్రాటిల్ స్పిండిల్ (గాలి దారిని తెరిచి మూసే రేకు తిరిగే ఇరుసు) అరిగి పక్కల నుంచి గాలి పీలుస్తోంది. కార్బ్యురేటర్ స్ప్రే ఆ చోట కొట్టి చూడండి. ఇంజిన్ స్పీడు మారితే లేత్ షాపులో కొత్త బుష్‌లు వేయించాలి. కార్బ్యురేటర్ తల మీదుండే డ్యాష్‌పాట్‌లో నూనె లేకుండా నడిపితే యాక్సిలరేటర్ తొక్కినప్పుడల్లా తడబడుతుంది.

ఈ ఇంజిన్‌లో కార్బ్యురేటర్లూ ఎగ్జాస్ట్ మానిఫోల్డూ ఒకే వైపు ఉంటాయి. వాటి మధ్య వేడి తగలకుండా ఒక రేకు, కార్బ్యురేటర్ల వెనక ఇన్సులేటర్ దిమ్మలు వస్తాయి. రిపేరుకు విప్పినవాళ్లు ఆ రేకును తిరిగి పెట్టకుండా వదిలేస్తుంటారు. అది లేకపోతే మన మే నెల ఎండలో, రైల్వే గేటు దగ్గర పది నిమిషాలు ఆగాక కారు మళ్లీ స్టార్ట్ కాదు. ఫ్లోట్ గిన్నెలో పెట్రోలు మరిగిపోతుంది.

ప్రశ్న: ఇప్పుడు బంకుల్లో వచ్చేది ఇథనాల్ కలిపిన ఈ20 పెట్రోలు కదా. ఈ కార్లు తట్టుకుంటాయా?
– ఒక పాఠకుడు, నరసన్నపేట

రబ్బరు మారిస్తే తట్టుకుంటాయి. పాత రబ్బరు పైపులు, ఎస్‌లోని మెకానికల్ పంపు డయాఫ్రమ్, కార్బ్యురేటర్ సీళ్లు ఇథనాల్‌కు మెత్తబడి ఉబ్బుతాయి. పైపులు ఎస్‌ఏఈ జే30 ఆర్9 రకం అడిగి తెచ్చుకోండి, నీడిల్ వాల్వ్ వైటన్ (ఇథనాల్‌ను తట్టుకునే రబ్బరు) కొనది వేయండి. ఇథనాల్ ట్యాంకులోని పాత తుప్పును, జిగురును కడిగి కిందకి తెస్తుంది. అందుకే మొదటి రెండు మూడు ట్యాంకుల దాకా ఫిల్టర్ త్వరత్వరగా మార్చాలి. మిక్చర్ కాస్త పల్చబడుతుంది కాబట్టి ఎస్‌లో జెట్ నట్టు ఒకటి రెండు పలకలు కిందకి దించాలి. రెండింటిదీ ఎక్కువ కంప్రెషన్ ఇంజినే. గట్టు ఎక్కేటప్పుడు టకటక కొడితే ఎక్కువ ఆక్టేన్ పెట్రోలు పోయండి, అప్పటికీ తగ్గకపోతే టైమింగ్ రెండు డిగ్రీలు వెనక్కి తీయండి.

అమెరికా నుంచి వచ్చిన 1972, 1973 కార్లలో బీ20ఎఫ్ ఇంజిన్ ఉంటుంది. దాని కంప్రెషన్ 8.7 మాత్రమే, మామూలు పెట్రోలుతో హాయిగా నడుస్తుంది. బలం కూడా ఆ మేరకు తక్కువ.

ప్రశ్న: ఈ బాధలన్నీ ఎందుకు? అంబాసిడర్ డీజిల్ ఇంజిన్ వేసేస్తే పోదా? రిజిస్ట్రేషన్‌కు ఇబ్బందా?
– ఒక పాఠకుడు, గజపతినగరం

ఇబ్బందే. 2021లో సవరించిన కేంద్ర మోటారు వాహన నిబంధనల ప్రకారం, మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటి, అసలు రూపంలోనే ఉన్న బండినే వింటేజ్‌గా గుర్తిస్తారు. ఛాసిస్, బాడీ, ఇంజిన్‌లలో పెద్ద మార్పు చేస్తే ఆ అర్హత పోతుంది. 1800 తయారీ 1973తో ఆగిపోయింది కాబట్టి వయసు పరంగా అన్నీ అర్హమైనవే.

దరఖాస్తు ఫారం 20లో. ఇన్సూరెన్స్, విదేశం నుంచి తెచ్చినదైతే బిల్ ఆఫ్ ఎంట్రీ (కస్టమ్స్ దిగుమతి పత్రం), ఇక్కడిదే అయితే పాత ఆర్‌సీ జతచేయాలి. కొత్త రిజిస్ట్రేషన్‌కు రూ. 20,000, పదేళ్ల తర్వాత తిరిగి చేయించడానికి రూ. 5,000. నంబరులో రాష్ట్రం అక్షరాల తర్వాత ‘వీఏ’ వస్తుంది. ఈ రిజిస్ట్రేషన్‌తో రోజూ ఆఫీసుకు వెళ్లడం, అద్దెకు తిప్పడం కుదరదు. ప్రదర్శనలకు, వింటేజ్ ర్యాలీలకు, పెట్రోలుకు, రిపేరుకు తీసుకెళ్లొచ్చు. అమ్మితే 90 రోజుల్లో తెలియజేయాలి. దిగుమతి అనుమతి, సుంకం సంగతి విశాఖపట్నం పోర్టులో పనిచేసే కస్టమ్స్ బ్రోకర్ దగ్గర కాగితం మీద రాయించుకున్నాకే అక్కడ కారుకు డబ్బు కట్టండి.

ప్రశ్న: ఈ కారు ఒకటి 48 లక్షల కిలోమీటర్లు తిరిగిందంటారు, నిజమా? అది ఎస్సా, ఈనా?
– ఒక విద్యార్థి, టెక్కలి

నిజమే. అది ఎస్. అమెరికాకు చెందిన ఇర్వ్ గోర్డన్ 1966లో కొన్న 1800ఎస్. 2013 సెప్టెంబరులో అలాస్కాలో 30 లక్షల మైళ్లు దాటింది. మధ్యలో ఇంజిన్ విప్పి బాగుచేయించుకున్నదే, అయినా ఘనత తగ్గదు. బీ18కి ఐదు మెయిన్ బేరింగులున్నాయి, ఎంత తిప్పినా అంత తేలిగ్గా అరగదు. బలహీనత ఒకటే, క్యామ్‌షాఫ్ట్ టైమింగ్ గేరు ఫైబర్‌ది. పళ్లు ఊడితే దారిలోనే ఆగిపోతుంది. కారు కొనగానే స్టీలు గేరు వేయించుకుంటే కాస్త మోత పెరుగుతుంది, బెంగ తీరుతుంది.

ప్రశ్న: ఓవర్‌డ్రైవ్ స్విచ్ వేసినా పడటం లేదు. గేర్‌బాక్స్ దింపాలా?
– ఒక పాఠకుడు, విజయనగరం

దింపకండి. ఓవర్‌డ్రైవ్, అంటే అదే వేగంలో ఇంజిన్‌ను నెమ్మదిగా తిరగనిచ్చే అదనపు గేరు, టాప్ గేరులో మాత్రమే పనిచేయాలి, దానికి గేర్‌బాక్స్ మూత మీద ఒక స్విచ్ ఉంటుంది. ముందు సోలినాయిడ్‌కు కరెంటు వస్తోందో లేదో టెస్ట్ లైటుతో చూడండి. వస్తుంటే నూనె మట్టం చూడండి. గేర్‌బాక్స్, ఓవర్‌డ్రైవ్ రెండూ ఒకే నూనెతో నడుస్తాయి, కాస్త తగ్గినా ప్రెజర్ రాదు. ఎం41 గేర్‌బాక్స్‌లో పోయాల్సింది ఎస్‌ఏఈ 30 ఇంజిన్ ఆయిల్. డిఫరెన్షియల్‌కు వాడే హైపాయిడ్ ఆయిల్ పోస్తే లోపలి క్లచ్ జారుతుంది. తర్వాత ఫిల్టర్ జాలీ కడగండి. ఓవర్‌డ్రైవ్ పడి ఉండగా రివర్స్ వేస్తే మాత్రం లోపల విరుగుతుంది, అప్పుడు దింపక తప్పదు.

ప్రశ్న: మా ఇల్లు కళింగపట్నంలో, సముద్రానికి దగ్గర. కారు ఎలా ఉంచాలి?
– ఒక పాఠకుడు, కళింగపట్నం

కుదిరితే లోపలి ఊళ్లో, బంధువుల ఇంట్లో ఉంచండి. తప్పనిసరైతే గాలి ఆడే షెడ్డులో, సిమెంటు నేల మీద పెట్టండి. టార్పాలిన్ కప్పొద్దు. లోపల చెమ్మ పట్టి రెండు వానాకాలాల్లో సిల్ పోతుంది. నూలు కవరు వాడండి. సిల్ అడుగున నీళ్లు పోయే రంధ్రాలు తెరిచి ఉన్నాయో లేదో వర్షాలకు ముందు తీగతో చూసి, ఆరాక వాటిలోంచి క్యావిటీ వ్యాక్స్ (బోలు భాగాల లోపల తుప్పు పట్టకుండా చల్లే మైనం) కొట్టించండి. బయటికి తీసిన ప్రతిసారీ చక్రాల వెనక, సిల్ అడుగున మంచినీళ్లతో కడగండి.

నెలకొకసారి స్టార్ట్ చేసి ఐదు నిమిషాలకు ఆపేస్తే చెడే ఎక్కువ, సైలెన్సర్‌లో నీరు చేరుతుంది. అరగంట నడిపి పూర్తిగా వేడెక్కనివ్వండి. మూడు నెలలు కదపకపోతే ఈ20 పెట్రోలు ట్యాంకులోంచి, ఫ్లోట్ గిన్నెల్లోంచి తీసేయండి. తేమ పీల్చుకుని ఇథనాల్, నీరు అడుగుకు దిగి ట్యాంకును తింటాయి. బ్యాటరీ నెగటివ్ తీసి ఉంచండి. బ్రేక్ ఆయిల్ రెండేళ్లకొకసారి మార్చండి, 1800ఈలో వెనక డిస్కు క్యాలిపర్లు ఎక్కువగా పట్టేసేది పాత ఆయిల్‌లోని తేమ వల్లే.